కల్వాన్ని కడగకముందే రండి

తమిళనాడు ప్రభుత్వ మ్యూజియంల శాఖ అధిపతి గారికి, కోయంబత్తూరు ప్రభుత్వ మ్యూజియం క్యూరేటర్ గారికి,



కోయంబత్తూరులోని పీలమేడు పాత ఊళ్లో తెలుగువాళ్ల పెంకుటిళ్లు ఒక్కొక్కటే పడిపోతున్నాయి. అవినాశి రోడ్డు చుట్టుపక్కల సెంటు ధర ఎంతో తెలిసినవాళ్లెవరూ ఆ ఇంటివాళ్లను తప్పుపట్టలేరు. నేనూ పట్టను. అన్నదమ్ములు పంచుకుని, పాతది పడగొట్టి, అపార్టుమెంటు కట్టుకోవడం వాళ్ల అవసరం. నా మనవి ఇళ్ల గురించి కాదు. ఆ ఇళ్ల పెరళ్లలో, బావిగట్ల దగ్గర, కొట్టంలో పడి ఉన్న, మందులు నూరే రాతి కల్వాల గురించి.

ఇల్లు పడగొట్టే ముందే తలుపులు, టేకు స్తంభాలు, ఇత్తడి గంగాళాలు బేరం కుదిరి వెళ్లిపోతాయి. రోళ్లు, రుబ్బురోళ్లు కొన్నిటిని హోటళ్లవాళ్లు, రిసార్టులవాళ్లు అలంకారానికని కొనుక్కుంటారు. కల్వం చిన్నది. అదేమిటో ఇంట్లో పిల్లలకే తెలియదు. కొన్ని పునాది రాళ్లతోపాటు ట్రాక్టరెక్కి పోతాయి. మిగిలినవి పాత సామాన్ల వ్యాపారుల చేతికి చిక్కుతాయి. అలాంటి ఒక అంగడిలో నేను చూసింది మీకు చెప్పాలి. వెనకవైపు గచ్చు మీద ఏడెనిమిది కల్వాలు బోర్లించి ఉన్నాయి. పనివాడు యాసిడ్ పోసి, ఇనుప బ్రష్షుతో రుద్ది, నీళ్లు కొట్టి, నూనె పూసి మెరిపిస్తున్నాడు. ముందువైపు బల్ల మీద తయారైనవి పెట్టారు. ఒక్కొక్కదానికీ ఒక చీటీ. చీటీ మీద ‘మధ్యయుగం నాటి మందు రోలు’ అని ఇంగ్లీషులో రాసి ఉంది. ఏ ఇంటి నుంచి వచ్చిందని అడిగితే అంగడి యజమానికి తెలియదు. తెలుసుకోవలసిన పని ఆయనకు లేదు. మీకు ఉంది. అందుకే ఈ లేఖ. దీని తమిళ ప్రతి కూడా మీకు విడిగా పంపుతున్నాను.

ముందుగా ఆ చీటీ సంగతి. మందు కల్వం వయసు దాన్ని చూసి చెప్పడం కుదరదు. రాయి వయసు కోట్ల ఏళ్లు. దాన్ని ఎప్పుడు తొలిచారో రాయి చెప్పదు. పడవ ఆకారంలో ఒకటి, గుండ్రటి గిన్నె ఆకారంలో ఒకటి, ఈ రెండు తీరులూ రసశాస్త్ర గ్రంథాలు వర్ణించినవే. నున్నగా, బరువుగా, గట్టిగా ఉండాలనీ, నూరేటప్పుడు తాను అరిగి మందులో కలవకూడదనీ ఆ గ్రంథాల నియమం. నియమం మారలేదు కనుక రూపమూ మారలేదు. చోళుల కాలంలో చెక్కినదాన్నీ, మా తాతల కాలంలో చెక్కినదాన్నీ పక్కపక్కన పెడితే ఎవరూ తేడా పట్టలేరు. ఇంగ్లండులో పర్బెక్ రాతితో చేసిన మధ్యయుగపు కల్వాలు తవ్వకాల్లో దొరికాయి. అవి ఏ పొరలో, ఏ కుండపెంకుల మధ్య దొరికాయో రాసుకున్నారు కాబట్టి వాటి కాలం అక్కడివాళ్లకు తెలుసు. మన కల్వాలు మట్టి పొరల్లోంచి రావు, ఇళ్లలోంచి వస్తాయి. ఆ ఇల్లు, ఆ వీధి, దాన్ని వాడినవాళ్లను ఎరిగిన మనుషులు, ఇవే వాటికి పొరలు. ఇంటి నుంచి విడదీసిన కల్వం ఇక ఏ కాలానికీ చెందదు. అప్పుడు దాని మీద ఏ చీటీ అయినా అంటించవచ్చు.

కాబట్టి కాలం తేలలేదన్న కారణంతో కల్వాన్ని మీరు పక్కన పెట్టవద్దు. వందేళ్లు దాటినవాటి సంగతి 1972 నాటి పురావస్తువుల, కళాసంపద చట్టం చూసుకుంటుంది. ప్రైవేటు మనిషి అలాంటిదాన్ని దేశం దాటించడం ఆ చట్టం ప్రకారం నేరం. తొంభై ఏళ్ల కల్వానికి ఆ రక్షణ కూడా లేదు. కానీ దాన్ని నూరిన చేతిని ఎరిగినవాళ్లు ఇంకా బతికి ఉన్నది ఆ తొంభై ఏళ్లదానికే.

మా ఇంట్లో ఒకటుంది, దాని రూపు చెబుతాను. నల్లరాయి, పడవ తీరు, జానెడున్నర పొడవు. బయటివైపు ఉలి దెబ్బలు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఎవరూ నునుపు చేయలేదు. లోపల మాత్రం వేలు జారిపోయేంత నునుపు. రెండు కొసల్లో ఒక కొస ఎక్కువ లోతు. మా అవ్వ కాళ్లు చాపుకుని కల్వాన్ని ఒడి ముందు నిలువుగా పెట్టుకునేది. నూరే పొత్రాన్ని ముందుకు తోసేటప్పటి కన్నా తన వైపు లాక్కునేటప్పుడు బలం ఎక్కువ పడేది. లోతైన కొస ఆమె కూర్చున్న వైపుది. పొత్రం కూడా ఒక పక్కకే అరిగింది. లోపల అంచు కింద సన్నటి బీట ఒకటుంది, అందులో పసుపుపచ్చటి పొడి గట్టిగా ఇరుక్కుని ఉంది. అదేమిటో నాకు తెలియదు. తెలుసుకునే దారి మీ దగ్గర ఉంది, దానికి మళ్లీ వస్తాను.

రోలు వేరు, సన్నికల్లు వేరు, కల్వం వేరు. ఈ తేడా మీ రిజిస్టరులో ఉండాలి. రోట్లో దంచుతారు, రోకలి పైనుంచి పడుతుంది. సన్నికల్లు మీద వంటకు నూరుతారు. కల్వంలో పని ఆ రెండూ అయ్యాక మొదలవుతుంది. బాలింతకు పెట్టే లేహ్యం సంగతే చూడండి. శొంఠి, పిప్పలి, మోడి, మిరియాలు, వాము, దుంపరాష్ట్రం విడివిడిగా దోరగా వేయించాలి. రోట్లో దంచాలి. పల్చటి గుడ్డలో జల్లెడ పట్టాలి. బెల్లం పాకంలో ఆ పొడి వేసి, నువ్వులనూనె, నెయ్యి పోసి ఉడికించి, చల్లారాక తేనె కలపాలి. రోజూ పెట్టే మోతాదును మాత్రం కల్వంలో వేసి, నాలుకకు గరుకు తగలనంతవరకు మళ్లీ నూరేవాళ్లు. దీపావళి తెల్లవారుజామున తలంటి తర్వాత అందరికీ పెట్టే లేహ్యానికీ ఇదే వరస. వస, కరక్కాయ, మాచికాయ, జాజికాయ, శొంఠి కొమ్ములను పసిపిల్లలకు అరగదీసే చిన్న రాయి ఇంకోటి. దాన్ని కల్వంతో కలపకూడదని అవ్వ చాలా కచ్చితంగా ఉండేది.

ఆ కచ్చితత్వానికి బలమైన కారణం ఉంది. మీ సిబ్బందికి ఇది ముందుగా తెలియాలి. వైద్యుల ఇళ్ల కల్వాల్లో నూరింది మూలికలు మాత్రమే కాదు. పాదరసాన్ని గంధకంతో కలిపి, మెరుపు పోయి కాటుకలా నల్లబడేదాకా నూరితే కజ్జలి. ఇంగిలీకం, తాళకం వంటి ఖనిజాలనూ శుద్ధి చేసి ఇందులోనే నూరేవాళ్లు. మూలిక రసం పోసి నూరి, ఆరబెట్టి, మళ్లీ రసం పోసి నూరడాన్ని భావన అంటారు. సిద్ధ వైద్యంలో నూరడానికి కొలత జాములు. ఒక జాము అంటే మూడు గంటలు. ఇన్ని జాములు నూరాలని మందు చేసే విధానంలోనే చెబుతారు. భస్మం తయారైందా లేదా అన్నది వేళ్ల మధ్య తీసుకుని రుద్ది చూస్తారు. వేలి గీతల్లోకి దిగి నిలిచిపోయేంత సన్నంగా ఉండాలి. నీళ్ల మీద చల్లితే మునగకూడదు. ఇలా ఏళ్ల తరబడి పాదరసమూ తాళకమూ తాగిన రాయిని అలంకారానికని కొని, వంటింట్లో పెట్టుకుని అందులో పచ్చడి నూరితే అది ప్రాణాంతకమైన ఆట. అంగట్లో ఆ చీటీ రాసినవాళ్లు ఈ ఒక్క ముక్కా రాయలేదు. మీరు చెప్పాలి. వైద్యుడి ఇంటి కల్వాన్ని చేతి తొడుగు లేకుండా ముట్టవద్దని, అందులో తినే వస్తువేదీ నూరవద్దని పత్రికల్లో ఒక ప్రకటన ఇవ్వాలి.

ఇక చరిత్ర. కాంచీపురం దగ్గర తిరుముక్కూడల్ గుడి గోడ మీద వీరరాజేంద్ర చోళుడి శాసనం ఉంది, 11వ శతాబ్దిది. గుడికి అనుబంధంగా నడిచిన పదిహేను పడకల ఆసుపత్రి వివరం అందులో చెక్కారు. వైద్యుడొకరు, శస్త్రం చేసేవారొకరు, మూలికలు తెచ్చి కట్టెలు చూసి మందులు చేసేవాళ్లిద్దరు, రోగులకు సేవ చేసే స్త్రీలిద్దరు, ఒక మంగలి, ఒక నీళ్లవాడు. నిల్వ ఉంచవలసిన మందుల పేర్లు కూడా వరసగా ఉన్నాయి. వాసాహరీతకి, దశమూల హరీతకి, బిల్వాది ఘృతం, కళ్యాణ లవణం అందులో కొన్ని. ఎవరికెన్ని వడ్లు జీతమో కూడా ఉంది. వైద్యుడి పేరు ఉంది, కోదండరామ అశ్వత్థామ భట్టు. ఆ మందులన్నీ నూరిన ఇద్దరికీ జీతం ఉంది కానీ పేరు లేదు.

మా తెలుగు నేల మీద గుంటూరు సీమలో 1261 నాటి మల్కాపురం శాసనమూ ఇలాంటిదే. రుద్రమదేవి కాలంలో విశ్వేశ్వర శివాచార్యుల గోళకీ మఠానికి ఇచ్చిన ఊళ్ల ఆదాయంలోంచి ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ వాటా కేటాయించారు. ప్రసూతిశాల అన్నాక లేహ్యం ఉంటుంది. లేహ్యం అన్నాక ఎవరో నూరి ఉంటారు. విజయనగర, నాయక రాజుల కాలాల్లో ఆ నేల నుంచి దక్షిణానికి వచ్చి మధుర, కోయంబత్తూరు సీమల్లో నిలిచిన కుటుంబాలవాళ్లం మేము. వస్తూ వస్తూ రాళ్లు మోసుకొచ్చారని నేను అనను. రాయి ఇక్కడే దొరికింది, చెక్కే చేతులూ ఇక్కడివే. వచ్చింది ఎలా నూరాలో తెలిసిన జ్ఞానం. ఇక్కడి సిద్ధ వైద్యంతో అది కలిసిపోయింది. ఏది ఎవరిదో విడదీయడం ఇప్పుడు కుదరదు, విడదీయనక్కరా లేదు. తమిళంలోనూ తెలుగులోనూ దీని పేరు కల్వమే కనుక మీ కార్డు మీద పేరు కోసం తగవు కూడా రాదు.

తిరుముక్కూడల్ శాసనం వదిలేసిన ఆ గడిని మీరు నింపగలరు. మీ రిజిస్టరులో వస్తువు పేరు, కొలతలు, దొరికిన చోటు, కాలం అన్న గడులు ఉంటాయి. ఒక గడి కలపమని నా ప్రార్థన: నూరినవారు ఎవరు. ఏం నూరారు, ఎవరి కోసం, ఏ కాలంలో, రోజూనా, ప్రసవాలకు మాత్రమేనా, నేర్పిందెవరు. వైద్యుడి పేరు ఊరందరికీ గుర్తుంటుంది. జాములకు జాములు పొత్రం తిప్పింది ఆయన భార్యో, కోడలో, దగ్గర పనిచేసే కుర్రాడో. వాళ్ల పేర్లు చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లే.

వాళ్ల దగ్గరికి వెళ్లేటప్పుడు తెలుగు వచ్చినవాళ్లను వెంట తీసుకెళ్లండి. పీలమేడు పెద్దవాళ్లు తమిళం బాగానే మాట్లాడతారు. బడి చదువు తమిళంలోనే. చాలామందికి తెలుగు అక్షరం రాదు. అయినా మందుల సంగతి, వంటింటి సంగతి, పురుటింటి సంగతి వచ్చేసరికి నోట తెలుగే వస్తుంది. తమిళంలో అడిగితే ‘ఏదో మందు నూరేవాళ్లు’ అని ముగించే ముసలమ్మ, తెలుగులో అడిగితే కూర్చోబెట్టి గంటసేపు చెబుతుంది. చెప్పింది చెప్పినట్టే గొంతు రికార్డు చేయండి. రాసుకోవడం తర్వాత చూసుకోవచ్చు.

ఇప్పుడు ఆ పసుపుపచ్చ పొడి సంగతి. వియత్నాంలో ఓక్ ఎయో అనే పురాతన రేవు పట్నం ఉంది. అక్కడి తవ్వకాల్లో దొరికిన నూరుడు రాళ్లను పరీక్షించి 2023లో శాస్త్రజ్ఞులు ఒక పరిశోధన వెలువరించారు. సుమారు 2000 ఏళ్ల కిందటి ఆ రాళ్ల రంధ్రాల్లో పిండి రేణువులు ఇంకా చెక్కుచెదరకుండా ఉన్నాయి. వాటి ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో పోల్చి చూసి పసుపు, అల్లం, లవంగం, జాజికాయ, దాల్చినచెక్కతో సహా ఎనిమిది సుగంధద్రవ్యాలను గుర్తుపట్టారు. ఆ రాళ్ల రూపు మన దక్షిణాది నూరుడు రాళ్లను పోలి ఉండటం వాళ్ల దృష్టికి వచ్చింది. ఆ కాలపు సముద్ర వ్యాపారానికి అదొక సాక్ష్యం. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్న రాయి అంత చెప్పగలిగితే, నిన్నమొన్నటి దాకా వాడిన కల్వం ఎంత చెబుతుంది? యాసిడ్ పోయనంతవరకు చెబుతుంది. ఇనుప బ్రష్షు పడిన గంటలో ఆ సాక్ష్యం కాలువలో కలిసిపోతుంది. మ్యూజియానికి వచ్చిన వస్తువును శుభ్రం చేసి పెట్టడం మీ శాఖలో మంచి అలవాటే. కల్వం విషయంలో మాత్రం ఆ అలవాటు ఆపండి. దుమ్ము దులపండి, చాలు. తడి గుడ్డ కూడా పెట్టవద్దు. కాగితంలో చుట్టి, పొత్రాన్ని విడిగా చుట్టి, రెంటి మీదా ఇంటి గుర్తు రాయండి.

పరీక్షలకు ఎక్కడికో పోనక్కర్లేదు. పీలమేడులోనే పి.ఎస్.జి. సంస్థల ఫార్మసీ కళాశాల ఉంది, వైద్య కళాశాల ఉంది, టెక్నాలజీ కళాశాల ఉంది. 1926లో ఆ ట్రస్టు పుట్టిన తీరు ఊరందరికీ తెలుసు. నలుగురు అన్నదమ్ములు ఆస్తిని ఐదు వాటాలు చేసి, ఐదో వాటా ధర్మానికి వదిలారు. ఆ ధర్మం నీడలో చదువుకున్న పిల్లలే వాళ్ల తాతమ్మల కల్వాల్లో ఏముందో తేల్చగలరు. మొక్కలను గుర్తుపట్టడానికి భారత వృక్ష సర్వేక్షణ సంస్థ దక్షిణ ప్రాంత కేంద్రం కోయంబత్తూరులోనే ఉంది, 1955 నుంచి. దాని దగ్గర ఎండు మొక్కల నమూనాల పెద్ద భాండాగారం ఉంది. వైద్య చరిత్ర సలహాకు హైదరాబాదులో డి.వి. సుబ్బారెడ్డి గారి కృషితో ఎదిగిన వైద్య చరిత్ర సంస్థ ఉంది. మీ నుంచి ఒక ఉత్తరం వెళితే వీళ్లలో ఎవరూ కాదనరని నా నమ్మకం.

కోయంబత్తూరు రాతిని చిన్నచూపు చూసే ఊరు కాదు. రుబ్బురోలుకు మోటారు బిగించి ప్రపంచానికి ఇచ్చిన ఊరు ఇది. 1955లో పి. సభాపతి గారు తయారుచేసిన వెట్ గ్రైండరు తర్వాత పీలమేడు, గణపతి, ఆవారంపాళయం వీధుల్లో ఎన్ని షెడ్లు వెలిశాయో మీకు నేను చెప్పాలా! కోయంబత్తూరు వెట్ గ్రైండరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అందులో తిరిగే రాయి ఊత్తుకుళి రాయి అని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. అవినాశి రోడ్డు మీద జి.డి. నాయుడు గారి మ్యూజియంలో మోటార్లు, యంత్రాలు చూడటానికి బస్సుల్లో బడిపిల్లలు వస్తారు. మోటారు రాకముందు ఆ పని చేసిన చేతుల గుర్తు చూడటానికి ఈ ఊళ్లో వాళ్లకు ఒక గది లేదు. వ.ఉ.సి. పార్కు దగ్గరి మీ మ్యూజియంలో ఒక గోడ, ఒక బల్ల, ఒక హెడ్‌ఫోను చాలు. బల్ల మీద పది కల్వాలు, ఒక్కొక్కదాని పక్కన ఆ ఇంటి గొంతు. అందంగా ఉన్నవే ఏరుకోకండి. అంచు విరిగినది, పొత్రం పోయినది, ఒకే కొసకు అరిగినది, అవే ఎక్కువ చెబుతాయి.

ఇవ్వడానికి ఇష్టపడని ఇళ్లూ ఉంటాయి. పురుడు పోసిన ఇంటి కల్వాన్ని గడప దాటించరాదని అనేవాళ్లు నాకు తెలుసు. వాళ్లను బలవంతపెట్టకండి. ఫొటో తీసి, కొలతలు రాసి, గొంతు రికార్డు చేసి, కల్వాన్ని ఆ ఇంట్లోనే ఉండనివ్వండి. ఒక కాగితం ఇచ్చి రండి, ఇది రిజిస్టరైన కల్వం, అమ్మేముందు మాకు చెప్పండి అని. ఆ కాగితం ఉన్న కల్వాన్ని ఇంటివాళ్లు ట్రాక్టరెక్కించరు. ఈ పద్ధతి ఇక్కడ కుదిరితే మధురలోని పాత తెలుగు వీధులకు, అక్కడి మీ మ్యూజియానికి కూడా ఇదే చెప్పండి. అక్కడ ఇళ్లు ఇంకా పాతవి, పడగొట్టడం ఇంకా జోరుగా ఉంది.

తొందర ఎందుకంటే, భోగి వస్తోంది. పాతవి పారేసే పండుగ కదా. ఇళ్లు సున్నం కొట్టి, పెరళ్లు ఊడ్చి, పనికిరాదనుకున్న ప్రతిదీ బయట పెట్టేది ఆ వారంలోనే. పాత సామాన్ల బండ్లు వీధి వీధి తిరిగేది అప్పుడే. మార్గళి నెల మొదట్లోనే తమిళ దినపత్రికల్లో ఒక చిన్న ప్రకటన, ఆంజనేయస్వామి గుడి దగ్గర ఒక నోటీసు పెట్టించండి. కల్వం ఉంటే కడగవద్దు, అమ్మవద్దు, ఈ నంబరుకు చెప్పండి అని నాలుగు ముక్కలు రాస్తే చాలు. మీ మనుషులు వచ్చిన రోజున పాత ఊరి వీధుల్లో వెంట తిరిగి ఇళ్లు చూపించడానికి, పెద్దవాళ్లతో తెలుగులో మాట్లాడటానికి నేను సిద్ధం. మా ఇంటి కల్వంతోనే మొదలుపెట్టండి. పొత్రంతో సహా ఇస్తాను, పసుపుపచ్చ పొడి ఉన్నచోట ఉన్నట్టే ఉంది.

ఇట్లు,
పీలమేడు పాత ఊరి తెలుగింటి మనిషి